మౌలాలి దాకా వెళ్ళిన బోల్టు

మా వదిన పోయిన మంగళవారం పొద్దున ప్రభువు సన్నిధికి వెళ్ళిపోయింది. మల్కాజ్‌గిరిలో మా ఇంట్లోనే, కిటికీ పక్కనున్న మంచం మీద. ఎనభై దాటిన మనిషి, వారం రోజులుగా ఊపిరి సరిగా అందడం లేదు. ఎవరూ ఊహించని కబురేమీ కాదు. ముందురోజు సాయంత్రం ఆక్సిజన్ సిలిండరు తెచ్చినతను దాన్ని బిగిస్తుంటే, మూతి మీది తొడుగు పక్కకు జరిపి, సిలిండరు మీది మీటరు చూపిస్తూ, "గా ముల్లు ఎందుకు ఊగుతున్నదయ్యా? దాని లోపల ఏమున్నది?" అని అడిగింది. అతనికి తెలియలేదు. "ఎవర్నన్న అడిగి రేపు చెప్పు" అంది.

మర్నాడు అతను వచ్చాడు. వాకిట్లో అన్ని చెప్పులు చూసి గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు. నేను బయటికి వెళ్తే, "అమ్మా, మా మేస్త్రీని అడిగొచ్చిన" అన్నాడు మెల్లగా. గడియారంలాంటి ఆ బిళ్ళలో వంపు తిరిగిన సన్నటి గొట్టం ఒకటి ఉంటుందట. గాలి ఒత్తిడికి అది కొద్దిగా సాగుతుందట, సాగినప్పుడల్లా దానికి తగిలించిన ముల్లు తిరుగుతుందట. లోపల కీర్తనలు పాడుతున్నారు. అతను చెప్పిందంతా నేను చివరిదాకా విన్నాను. ఆమె వినాల్సిన మాటలు, ఎవరో ఒకరు వినాలి కదా.

ఆమెను ఎరగనివాళ్ళకు ఆమె ఎవరో చెప్పాలి. మా ఆయనకు అక్క. మెట్టుగూడలో మా పాత ఇంటి ముందు గదిలో ముప్ఫై ఏళ్ళకు పైగా ఆడపిల్లలకు కుట్టుపని నేర్పింది. నాలుగు మిషన్లుండేవి. అవి చెడిపోతే బాగుచేసేదీ ఆమే. తర్వాత తర్వాత ఇరుగుపొరుగు వాళ్ళ మిషన్లు, స్టవ్‌లు, తాళాలు, ఆఖరికి చర్చి హార్మోనియం కూడా ఆ గదికే వచ్చేవి. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే, "చూడనీకి వచ్చినోళ్ళు ఒక్కరు సుత నా మిషను దిక్కు చూడలే" అని నవ్వేది.

నేను బెజవాడ వైపు పిల్లని. ఆడపడుచు ఎలా ఉంటుందోనని బెదురుతూ ఆ ఇంట్లో అడుగుపెట్టాను. మూడో రోజున ఆమె నా చేతికో సాసరు ఇచ్చింది. "మర్దలా, నేను ఇప్పిన స్క్రూలు గిండ్ల పెట్టు. ఇప్పిన వరసల్నే పెట్టాలె" అంది. ఆ పూటతో నా బెదురు పోయింది. పని చేసేటప్పుడు కింది పెదవిని పళ్ళతో పట్టుకునేది. మెడలో నాడాకు కట్టిన భూతద్దం వేలాడుతుండేది. ఏది మొరాయించినా విసుక్కునేది కాదు. "మొండికేసిందంటే ఏందో చెప్తున్నదన్నట్టు. జెర ఇను" అనేది. మిషను ఆగిపోయిందని పిల్లలొస్తే ఎందుకు ఆగిందని అడిగేది కాదు, "ఎప్పటి సంది?" అని అడిగేది.

ఆమె గురించి మాట్లాడమంటే అందరూ మిషన్ల గురించే చెప్తారు. నేను మాత్రం ఒక తుపాకీ గురించి చెప్తాను.

నలభై ఎనిమిదో సంవత్సరం వానాకాలం, పోలీసు చర్యకు కొన్ని వారాల ముందు. రైల్వే ఆఫీసులో గుమాస్తాగా ఉన్న మా ఆయనకు కీసర వైపు నాలుగెకరాల పల్లి చేనుండేది. అడవిపందులు పడి దాన్ని తవ్విపోసేవి. రెండేళ్ళ కిందట తుపాకీ లైసెన్సుకు అర్జీ పెట్టుకుంటే అది సరిగ్గా ఆ ఏడే మంజూరైంది. "పందుల కోసమే" అని ఆయన అందరికీ చెప్పాడు. కానీ అప్పుడు ఊరెలా ఉందో చూసినవాళ్ళెవరూ ఆ మాట పూర్తిగా నమ్మరు. రోడ్ల మీద రజాకార్ల కవాతులు. యూనియన్ సైన్యం వస్తుందని పొద్దున ఒక పుకారు, రాదని మధ్యాహ్నం ఇంకొకటి. మూటలు కట్టుకుని ఊరు దాటిపోతున్న కుటుంబాలు. మా వీధిలో దీపాలు పెట్టకముందే తలుపులు పడేవి.

బజారులో ఆయుధాలమ్మే దుకాణం ఒకటుండేది. దాని యజమాని వ్యాపారం ఎత్తేసి బొంబాయి వెళ్ళిపోతూ, మిగిలిన రెండు రైఫిళ్ళలో ఒకటి మా ఆయనకు అమ్మాడు. ఆయన దాన్ని దుప్పట్లో చుట్టి జట్కాలో తెచ్చాడు. కుట్టు నేర్చుకునే పిల్లలు వెళ్ళిపోయాక, బట్టలు కత్తిరించే బల్ల మీద పెట్టి విప్పాడు. నేనంత దగ్గరగా తుపాకీని చూడటం అదే మొదలు. దాని వెనక భాగంలో తలుపు గడియలా ముందుకూ వెనక్కూ జరిగే ఇనుప కడ్డీ ఉంది. దాన్ని బోల్టంటారట. తూటా పెట్టి, బోల్టును ముందుకు తోసి, పిడి కిందికి వంచితే తూటా వెనక గట్టిగా మూసుకుపోతుంది. అప్పుడే కాల్చాలి.

ఉత్తగా తోస్తే బోల్టు హాయిగా జరిగింది. పిడి చక్కగా వంగింది. ఆయన మురిసిపోయి పెట్టెలోంచి నిజం తూటా తీయబోతే వదిన చెయ్యి పట్టుకుంది. "ఇంట్ల నిజం తూటా ముట్టొద్దు. గవి తీ." అలవాటు చేసుకోవడానికని దుకాణదారు మందు లేని ఉత్తుత్తి తూటాలు రెండిచ్చాడు. అందులో ఒకటి పెట్టి బోల్టు తోశాడు. ముందుకు వెళ్ళింది. పిడి మాత్రం సగం వంగి ఆగిపోయింది. ఆయన అరచేత్తో దాని మీద ఒకటి వేశాడు.

"ఆగు తమ్మీ. ఎందుకు కొడ్తున్నవ్ దాన్ని?"

"కొత్తది గదక్కా, బిగుతుంటది. రెండుసార్లు జోరు చేస్తె అదే వోతది."

"కొత్తదనమైతె మొదటి సంది బిగుతుండాలె. ఉత్తగున్నప్పుడు మంచిగనే వంగింది, తూటా పెట్టినంక ఆగింది. ఇటియ్యి నాకు."

రెండు మధ్యాహ్నాలు ఆ తుపాకీ ఆ బల్ల మీదే ఉంది. ఆమె మొదట గ్రీజు అనుకుంది. స్వెట్టర్లు అల్లే పుల్లకు గుడ్డ చుట్టి, తూటా కూర్చునే గూడులోకి పోనిచ్చి తిప్పితే, ఎప్పటిదో గట్టిపడిన గ్రీజు ముద్దలుగా వచ్చింది. శుభ్రంగా తుడిచి మళ్ళీ పెట్టింది. పిడి అక్కడే ఆగింది. తూటాలో లోపమేమోనని రెండోది పెట్టింది. అదీ అక్కడే. అప్పుడు బట్టల మీద గీతలు గీసే నీలం సుద్దను పొడి చేసి, బోల్టు కొసకూ పక్కలకూ పులిమి, లోపలికి తోసి, పిడి ఆగేదాకా వంచి, బయటికి తీసింది. భూతద్దంతో చూసింది. నన్నూ చూడమంది. తూటా అడుగు ఆనేచోట మాత్రమే సుద్ద చెరిగిపోయింది. పక్కలన్నీ నీలంగానే ఉన్నాయి.

"ఇంకెక్కడ తగుల్తలేదు మర్దలా. తూటా ఎనకనే ముడ్తున్నది. బోల్టు పొడుగైంది. ఎంతో కాదు, వెంట్రుక మందం."

"కొత్త తుపాకీకి పొడుగు బోల్టు ఎందుకు పెడతారు వదినా?"

"గదే నాకు సుత తెల్వాలె" అంది. ఆ కళ్ళలో వెలుగు నేను మర్చిపోలేను. పండగ బట్టలు చూసుకునే పిల్లల కళ్ళలా ఉన్నాయి.

సాయంత్రం మా ఆయన వచ్చి విని తేలిగ్గా తీసేశాడు. "వెంట్రుకే గదా! వర్క్‌షాపుల ఫిట్టర్‌కిచ్చి ఆకురాయితోని జెర రాపిస్త."

"ఎవరిదో తెల్వకుంట ఆకురాయి పెట్టకు."

"ఎవరిదేంది అక్కా? మనదే గద."

"మనదైతె గిట్లెందుకుంటది?" అని ఆమె కిరసనాయిలు గుడ్డతో బోల్టు పిడి కింద రుద్దడం మొదలుపెట్టింది. గ్రీజు పోయాక అక్కడ సన్నగా చెక్కిన అంకెలు బయటపడ్డాయి. తుపాకీ ఒంటి మీదా అలాంటివే ఉన్నాయి. ఆమె ఒక్కో అంకె మీద వేలు పెట్టి పైకి చదివింది. అన్నీ కలిశాయి, ఆఖరిది తప్ప. తుపాకీ మీద నాలుగు, బోల్టు మీద ఐదు.

"పోయినేడు గుర్తున్నదా మర్దలా, ఇద్దరు పిల్లలు మిషన్లు తుడిచి, బాబిన్ కేసులు ఒకదానిది ఇంకోదాండ్ల పెట్టిండ్రు. ఒక మిషను బిగుసుకపోయె, ఇంకోటి..." అంటూ ఆగిపోయింది. ముఖంలో సంతోషం మెల్లగా పోయింది. "ఇంకోటి వదులైంది. తమ్మీ, దుకాణంల రెండు తుపాకులుండె అన్నవు గద?"

అప్పుడు వివరంగా చెప్పింది. మన బోల్టు ఆ రెండో తుపాకీలో ఉండి ఉంటుంది. ఇక్కడ దానిది పొడుగైతే, అక్కడ మనది పొట్టి. పొట్టిది చక్కగా మూసుకుంటుంది, కొన్నవాడికి ఏ అనుమానమూ రాదు. కానీ కాల్చినప్పుడు తూటా వెనక ఆనిక ఉండదు. ఇత్తడి డొప్ప చీలితే ఆ మంట గురిచూసే వాడి కంట్లోకే వస్తుంది.

మర్నాడు శుక్రవారం మా ఆయన బజారుకు వెళ్ళాడు. దుకాణానికి తాళం. వెనక గదిలో ఉండే ముసలి మున్షీ దొరికాడు. రెండు తుపాకులనూ ఒకే రోజు, ఒకే బల్ల మీద విప్పి నూనె పెట్టామని ఒప్పుకున్నాడు. రెండోదాన్ని కొన్నది మౌలాలి రైల్వే క్వార్టర్లలో ఉండే ఇంజను డ్రైవరట. ముసల్మాను. ఆదివారం పొద్దున్నే షికారుకు, అంటే వేటకు, వెళ్తానని చెప్పాడట. ఇదంతా మాకు చెప్పి, మా ఆయన కుర్చీలో కూర్చుని, "ఇగ వదిలెయ్ అక్కా" అన్నాడు.

"వదిలేసుడేంది?"

"ఆయన షికారుకే కొన్నడో ఇంక దేనికి కొన్నడో మనకేమెరుక? రజాకారై ఉంటె? రేపు గదే తుపాకి మన గల్లీలకే వస్తె? మనమే వోయి దాన్ని మంచిగ చేసి వద్దామా?"

వదిన నా వైపు చూసింది. నేను తల దించుకుని, "ఆయన చెప్పిందీ నిజమే కదా వదినా, మనకెందుకు?" అన్నాను. ఆ మాట అన్నానని ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పుకోలేదు. ఇప్పుడు చెప్తున్నాను.

ఆమె బల్ల మీది సుద్ద పొడిని గుడ్డతో దగ్గరికి తీసింది. తర్వాత, "నాకు సుత భయమైతున్నది. కని తెలిసినంక తెల్వనట్టు ఎట్లుండాలె? ఎల్లుండి పొద్దుగాల ఆయన కన్ను వోతె, గదే టైముకు నేను చర్చిల నిలవడి ఏమని పాడాలె?" అంది. మా ఆయన లేచి లోపలికి వెళ్ళిపోయాడు. మౌలాలికి ఆయన రాడని ఇద్దరికీ అర్థమైంది.

శనివారం పొద్దున సన్నటి వానలో జట్కా ఎక్కాం. ధైర్యంతో వెళ్ళానని చెప్పను. ఆమె ఒక్కతే పోతుంటే గుమ్మంలో నిలబడి చూడలేకపోయాను, అంతే. బోల్టూ, ఒక ఉత్తుత్తి తూటా గౌను గుడ్డలో చుట్టి సంచి అడుగున ఉన్నాయి. పైన దారపు రీళ్ళు. మౌలాలి గుట్ట కనిపిస్తుండగా ఖాకీ బట్టల్లో ఇద్దరు జట్కా ఆపారు. సంచిలో ఏముందని అడిగితే వదిన ఉర్దూలో మిషను సామానని చెప్పింది. వాళ్ళు రీళ్ళు చూసి పొమ్మన్నారు. జట్కా కొంత దూరం పోయాక, "అబద్ధం ఆడారు కదా" అన్నాను. "ఏం అబద్ధం? మరి ఇది మిషను కాదా?" అంది చాలా సీరియస్‌గా.

డ్రైవర్ సాబ్ వరండాలో కూర్చుని ఉన్నాడు. యాభై ఏళ్ళుంటాయి, గడ్డం సగం నెరిసింది, గోళ్ళ కింద బొగ్గు మసి. కాజీపేటలో పుట్టి పెరిగినవాడు కావడంతో తెలుగు బాగా వచ్చు. వదిన చెప్పిందంతా విని, ముఖం ముడిచాడు.

"నా బోల్టు తీస్కపోనీకి వచ్చిండ్రా? మీ తమ్ముడు పంపిండా? బయట ఏం నడుస్తున్నదో నాకు సుత ఎరుకేనమ్మా. మీ తుపాకి ఖరాబైతె నా దాన్ని పనికిరాకుంట చేస్తరా? నాది మక్ఖన్ లెక్క మెత్తగ నడుస్తది."

"గట్ల మక్ఖన్ లెక్క నడుసుడే తక్లీఫ్, డ్రైవర్ సాబ్."

"అరే, రెండుసార్లు కాల్చిన సుత!"

వదిన ముందుకు వంగింది. "రెండుసార్లా? ఆ డొప్పలున్నయా?"

ఆయన లోపలికి వెళ్ళి రెండు ఖాళీ ఇత్తడి డొప్పలు తెచ్చాడు. వదిన భూతద్దంలో వాటిని తిప్పి తిప్పి చూసింది. మెడలోంచి నాడా తీసి అద్దం ఆయన చేతికిచ్చింది. ఆయన వరండా చివరి వెలుతురులోకి వెళ్ళాడు. అడుగు నుంచి చిటికెన వేలి మందం పైన, ఒక డొప్ప చుట్టూ మెరుస్తున్న గీత ఉంది. రెండోదాని మీద అదే గీత నల్లబడి, సగం చుట్టు దాకా సన్నగా చీలింది. ఆయన తిరిగొచ్చి నెమ్మదిగా కూర్చున్నాడు.

"బాయిలర్ పైపు పలిగే ముందుగల గిట్లనే కనవడ్తది" అన్నాడు. చీలిన డొప్పను వేళ్ళ మధ్య తిప్పుతూ, "మూడోసారి కాల్చి ఉంటె..." అన్నాడు.

అక్కడి నుంచి ఆయన మాకు భయపడ్డం మానేశాడు. మేమూ ఆయనకు భయపడ్డం మానేశాం. ఎప్పుడు మానేశామో నాకు తెలియలేదు, ఎందుకంటే ఆ ఇద్దరూ కొలతల్లో పడిపోయారు. వదిన బట్టల నమూనాలు గీసే పల్చటి కాగితాన్ని పైసా బిళ్ళంత గుండ్రంగా కత్తిరించింది. ఉత్తుత్తి తూటా వెనక ఒక కాగితం పెట్టి ఆయన బోల్టు మూశాడు. మూసుకుంది. రెండు, మూడు పెట్టాడు. మూసుకుంది. నాలుగోదానికీ మూసుకుంటే, "యా అల్లా" అన్నాడు. ఇప్పుడు మా సంచిలోంచి తీసిన బోల్టు పెట్టారు. కాగితం లేకుండా మెత్తగా మూసుకుంది. ఒక్క కాగితం పెట్టగానే పిడి ఆగిపోయింది. ఆయన ఇంకోసారి చూశాడు, ఇంకోసారి చూశాడు, తర్వాత చిన్నపిల్లాడిలా నవ్వాడు. తెర వెనక నుంచి ఆయన భార్య, "ఆ బీబీ ఇదంతా ఎక్కడ నేర్చుకుంది? అడగండి" అంది ఉర్దూలో. అడిగే లోపే తనే టీ పట్టుకుని బయటికొచ్చింది. వదిన ఆమె జాకెట్టు చేతి కుట్టు కొంచెం లాగుతోందని గమనించి అది కూడా చెప్పింది. గంటన్నర కూర్చున్నాం. బోల్టు లోపలి స్ప్రింగు ఎలా పనిచేస్తుందో ఆయన చెప్తే, ఇంజను విజిల్ ఎలా మోగుతుందో కూడా చెప్పించుకుంది.

బయల్దేరేటప్పుడు ఆయన మా బోల్టును గుడ్డలో చుట్టి రెండు చేతులతో అందించాడు. "బెహెన్, మీ తమ్మునికి ఒక మాట చెప్పుండ్రి. షికారు అని అందరికి చెప్పిన గని, నేను భయానికే కొన్న."

ఇంటికొచ్చి నేను ఆ మాట ఉన్నదున్నట్టు మా ఆయనకు చెప్పాను. ఆయన బోల్టు తుపాకీలో పెట్టి, ఉత్తుత్తి తూటాతో మూసి చూశాడు. చక్కగా మూసుకుంది. ఆయన ముఖంలో మాత్రం సంతోషం లేదు.

కొన్ని వారాలకు సెప్టెంబరు వచ్చింది. ఆకాశంలో విమానాలు, రేడియో చుట్టూ మూగిన జనం. అయిదు రోజుల్లో అంతా అయిపోయింది. సికింద్రాబాదు రోడ్ల మీదికి ట్యాంకులొచ్చాయి, పూలదండలొచ్చాయి. మా వీధి తలుపులు తెరుచుకున్నాయి, మౌలాలిలో కొన్ని తలుపులు మూతపడ్డాయి. తుపాకులున్నవాళ్ళు ఠాణాలో అప్పజెప్పాలని చాటింపు వేశారు.

వదిన అన్నం కలుపుతూ ఆగింది. "డ్రైవర్ సాబ్ ఎట్లొస్తడు తమ్మీ? చేతుల తుపాకి పట్టుకొని, ఈ జనంల కెల్లి?"

మా ఆయన చెయ్యి కడుక్కుని, చొక్కా తొడుక్కుని, తుపాకీ తీసుకుని బయటికి నడిచాడు. మౌలాలికి వెళ్ళాడని మాకు మధ్యాహ్నం తెలిసింది. ఇద్దరూ ఒకే జట్కాలో పక్కపక్కన కూర్చుని, రెండు తుపాకులనూ ఒకే దుప్పట్లో చుట్టి, బోల్టులు తీసి మా ఆయన టిఫిన్ డబ్బాలో పెట్టుకుని ఠాణాకు వెళ్ళారట. దారిలో రెండుచోట్ల ఆపారట. రెండుచోట్లా మా ఆయనే ముందుకు వంగి, "ఈయన మా రైల్వే మనిషి. ఇద్దరం ఠాణాకే పోతున్నం" అన్నాడట. ఠాణాలో జమాదారు రెండు బోల్టులూ ఒకే సంచిలో వేయబోతే ఇద్దరూ ఒక్కసారే "ఆగుండ్రి!" అని అరిచారట. అది చెప్పేటప్పుడు మా ఆయన నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత, "నేను ఆ రోజు రాలేదు అక్కా" అన్నాడు. "ఇయ్యాల వోయినవ్ గద" అంది వదిన.

మా తుపాకీ రెండేళ్ళకు తిరిగొచ్చింది. ఒక్క పందికి కూడా గురి తగల్లేదు. డ్రైవర్ సాబ్ తనది అడగడానికి వెళ్ళనే లేదు. ఆయన మాత్రం బతికున్నన్నాళ్ళూ మా ఇంటికి వచ్చేవాడు. ఆగిపోయిన జేబు గడియారమో, మండని స్టవ్వో ఏదో ఒకటి చేతిలో ఉండేది. కొన్నిసార్లు ఆ వస్తువులకు ఏ జబ్బూ ఉండేది కాదని వదినకు తెలుసు. విప్పి, చూసి, మూసి, టీ ఇచ్చేది.

ఆయన రిటైరయ్యే ముందు నెలలో ఒకరోజు మమ్మల్ని మౌలాలి యార్డుకు రమ్మన్నాడు. పెట్టెలను అటూ ఇటూ మార్చే చిన్న ఇంజను మీద ఆయన డ్యూటీ. వదినకు అప్పటికి యాభై నిండాయి. కొంగు నడుముకు చుట్టి, చెయ్యి అందించబోతే అక్కర్లేదని చెప్పి, ఇనుప మెట్లు పట్టుకుని పైకెక్కింది. నేను కింద కంకర మీద నిలబడ్డాను. ఆవిరి చప్పుడులో నాకేమీ వినబడలేదు. ముఖమంతా మసి, ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, రెండో చేత్తో లోపల ఏదో చక్రాన్ని చూపిస్తూ ఆమె ఏదో అడుగుతోంది. ఆయన టోపీ వెనక్కి నెట్టి, చెవి ఆమె దగ్గరగా వంచి వింటున్నాడు. ఇంజను మెల్లగా కదిలి, ఎండలో తెల్లటి ఆవిరి వెనక్కి పరుచుకుంటూ, పట్టాల మలుపు వైపు సాగిపోయింది. ఆమె ఇంకా అడుగుతూనే ఉంది.